కోటిపల్లి స్టేషన్‌లో బండి లేదు, రేవులో పంటు ఉంది

కార్తీక సోమవారం కోటిపల్లిలో గోదావరి స్నానం చేయాలని, అదీ రైలు బస్సులోనే వెళ్లాలని అమ్మ పట్టు. నాన్న ఉన్న రోజుల్లో ఒకసారి ఎక్కింది. ఒకటే పెట్టె. గేటు రాగానే బండి ఆపి, మనిషి దిగి గేటు వేసి, బండి దాటాక తీసి మళ్లీ ఎక్కేవాడు. ఆ సంగతి ఇప్పటికీ చెబుతుంది.

ఫోన్‌లో ఒక యాప్ బండి టైం చూపించింది. నమ్మి తెల్లారకుండానే కాకినాడ టౌన్ స్టేషన్‌కి వెళ్లాం. "కరోనాకి ఆపేశారండి, మళ్లీ వెయ్యలేదు" అన్నాడు టీ అమ్మే ఆయన. 2020 నుంచి నడవని బండికి ఇంకా టైం చూపించడం ఏమిటి? మోకాళ్ల నొప్పులున్న మనిషిని చలిలో కూర్చోబెట్టానని నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మ మాత్రం గంటసేపు మాట్లాడలేదు.

బస్సులో ద్రాక్షారామం చేరాం, ఇద్దరికీ 130 రూపాయలు. భీమేశ్వరుడి దర్శనం బాగా అయింది. అక్కణ్ణుంచి కోటిపల్లికి ఆటో 400 అడిగాడు. "కార్తీకం కదండీ" అంటాడు. 350కి ఒప్పుకున్నాడు. షేర్ ఆటోలు దొరుకుతాయి, కాస్త ఆగండి. మేం తొందరపడి పోగొట్టుకున్నాం.

స్నానం, సోమేశ్వరుడి దర్శనం అయ్యాక అమ్మ స్టేషన్ చూస్తానంది. పట్టాల మధ్య గడ్డి మోకాలెత్తు పెరిగింది. మేకలు మేస్తున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ లైను పట్టాలు పీకి పట్టుకుపోయారు. అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు పట్టుబడితే మళ్లీ వేశారు. 2002లో ఆయన పోయారు, 2004లో బండి నడిచింది. కాకినాడ నుంచి 45 కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి గోదావరి పాయల మీదుగా నరసాపురం దాకా పొడిగించే పనులు ఏళ్ల తరబడి సాగుతున్నాయి. ఆ వంతెనలు పూర్తయ్యేదాకా ఉన్న లైను మీద ఒక్క పెట్టె నడపకూడదా? కూలి పనికి పోయేవాళ్లకీ, కాకినాడ ఆస్పత్రులకి వెళ్లే ముసలివాళ్లకీ ఎంత ఆసరా!

తిరుగు ప్రయాణంలో ఒక్కటే సంతోషం. రేవులో పంటెక్కి ముక్తేశ్వరం వైపు దాటాం, మనిషికి 20. మోటారు సైకిళ్లు, కొబ్బరి గెలలు, పెళ్లివారు, అందరూ ఒకే బల్లకట్టు మీద. గాలికి అమ్మ కొంగు ఎగురుతుంటే, పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. "నాన్నగారు ఇక్కడే శనక్కాయలు కొనిపెట్టారురా" అంది.

ఒడ్డు చేరాక పది రూపాయల శనక్కాయలు కొన్నాను.