ఫ్యాన్ జెర్సీ: సబ్లిమేషనా, వినైలా, డీటీఎఫ్ ప్రింటా?

సొంత జెర్సీ అనగానే అందరి బుర్రా రంగుల మీదికి పోతుంది. అంతకన్నా ముందు తేల్చాల్సింది వేరే ఉంది: డిజైన్ బట్టంతా పరుచుకోవాలా, పేరూ నంబరూ ఉంటే చాలా?

చారలు, షేడ్లు, భుజాల మీదుగా సాగే డిజైన్లు కావాలంటే సబ్లిమేషన్‌కి సాటి లేదు. డిజైన్‌ని కాగితం మీద ప్రింట్ చేసి, దాన్ని బట్ట మీద పెట్టి హీట్ ప్రెస్‌తో దాదాపు 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 45–60 సెకన్లు నొక్కితే రంగు ఆవిరై పాలిస్టర్ పోగుల్లోకి దిగిపోతుంది. పైన పొరంటూ ఉండదు గనక పగలదు, ఊడదు, గాలాడుతుంది. అయితే ఇందులో తెల్ల సిరా లేదు. తెల్లటి లేదా బాగా లేతరంగు బట్ట మీదే వేయాలి. కాటన్ మీద వేస్తే రెండు ఉతుకుల్లో వెలిసిపోతుంది. కుట్టేసిన జెర్సీ మీద ప్రింట్ చేస్తే చంకల దగ్గర, కుట్ల మడతల్లో తెల్ల గీతలు మిగిలిపోతాయి. అందుకే ముక్కల్ని ముందు ప్రింట్ చేసి, తర్వాత కత్తిరించి కుట్టించడం మేలు. ఫైల్లో ప్రతి ముక్క చుట్టూ సెంటీమీటరైనా రంగు అదనంగా వదలండి. మీడియం సైజు ఫైలునే సాగదీసి ఎక్స్‌ఎల్ (XL) సైజుకి వాడితే చిహ్నం ఉబ్బుతుంది, చారలు పక్క కుట్టు దగ్గర కలవవు. ఏ సైజు ఫైలు ఆ సైజుకే.

కొన్న జెర్సీ మీద పేరు, నంబరు మాత్రమే అయితే వినైల్ (అక్షరాలుగా కత్తిరించి వేడితో బట్టకి అతికించే పలచటి ప్లాస్టిక్ షీటు) చాలు. 150 డిగ్రీల దగ్గర 10–15 సెకన్లు నొక్కితే సరి. ముదురు బట్ట మీద కూడా తెలుపు నిండుగా కనిపిస్తుంది. అక్షరాల్ని అద్దంలో కనిపించినట్టు తిప్పి కట్ చేయాలి (హడావుడిలో మరిచిపోయేది సరిగ్గా ఇదే). వెనక నంబరు 25 సెంటీమీటర్ల ఎత్తుంటే దూరానికీ తెలుస్తుంది. మరీ సన్నటి గీతలు పెట్టకండి, అంచులు లేస్తాయి. అసలు ప్రమాదం ఎర్రటి పాలిస్టర్‌తో: వేడికి బట్టలోని రంగు మళ్లీ ఆవిరై పైకి పాకి, తెల్ల నంబరుని కొన్ని రోజుల్లో గులాబీగా మారుస్తుంది. అలాంటి బట్టకి రంగు పాకకుండా ఆపే పొర ఉన్న వినైలే అడగాలి.

డీటీఎఫ్ అంటే డైరెక్ట్ టు ఫిల్మ్: బొమ్మని ప్లాస్టిక్ ఫిల్మ్ మీద ప్రింట్ చేసి, వేడితో బట్టకి అతికిస్తారు. దీన్ని ఛాతీ మీది పలురంగుల చిహ్నానికి పరిమితం చేయండి. వీపంతా వేయిస్తే ప్లాస్టిక్ అట్ట కట్టుకున్నట్టే, చెమట ఆరదు. ఎంబ్రాయిడరీ పలచటి జెర్సీ బట్టని ముడతలు పెడుతుంది.

వినైల్, డీటీఎఫ్ జెర్సీలు 24 గంటలు ఆగాక, తిరగేసి చల్లటి నీళ్లలో ఉతకాలి. ప్రింట్ మీద ఇస్త్రీ వద్దు. సబ్లిమేషన్ అయితే డబ్బు కట్టేముందు అదే బట్ట ముక్క మీద శాంపిల్ అడగండి. స్క్రీన్ మీద మెరిసే నియాన్ ఆకుపచ్చ మామూలు సిరాలతో బట్ట మీదికి రాదు.