తమిళంలో ముందే చూసేయాలా, తెలుగులో వచ్చేదాకా ఆగాలా?

గుండె నిండా గుడిగంటలు సీరియల్ కొత్త ప్రోమో పడిందంటే చాలు మా చిత్తూరు పక్క జనం రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టు "అయ్యో పాపం మీనా, ఈసారి ప్రభావతి ఏం చేస్తుందో" అని నిజంగానే బాధపడేవాళ్ళు, ఇంకో జట్టు "ఏమీ కాదులే మా, తమిళం విజయ్ టీవీలో అది ఎప్పుడో అయిపోయింది" అని చల్లగా కథంతా కక్కేసేవాళ్ళు. ఈ రెండో జట్టు హైదరాబాద్‌లో, రాజమండ్రిలో దొరకడం కష్టం గానీ నగరి, పుత్తూరు, పలమనేరు, కుప్పం దిక్కు వీధికి నలుగురైనా ఉంటారు, తిరుపతిలో కూడా తక్కువేం లేరు. ఇంట్లో తెలుగు, మేనత్త ఇంట్లో తమిళం, వేలూరు ఆస్పత్రికి పోతే తమిళం, తిరుత్తణి ఆడికృత్తికకి కావడి ఎత్తుకొని పోతే తమిళం, ఇట్ల పెరిగినోళ్ళకి విజయ్ టీవీ పెద్ద పరాయి చానల్ కాదు కదా. అందుకే ఈ ప్రశ్న మనకే వస్తుంది: ఒకే కథ రెండు భాషల్లో నడుస్తా ఉంటే, ముందుండే తమిళం చూసేయాలా, తెలుగు ఎపిసోడ్ కోసం ఆగాలా?

తెలీనోళ్ళకి అసలు సంగతి చెప్తా. సిరగడిక్క ఆసై అని విజయ్ టీవీలో 2023 జనవరిలో మొదలయింది. దాన్నే స్టార్ మా వాళ్ళు అదే ఏడాది అక్టోబర్ 2 నుంచి గుండె నిండా గుడిగంటలు పేరుతో మొదలుపెట్టినారు. అంటే తమిళం ఎనిమిది నెలల పైనే ముందు. రెండు చానళ్ళూ ఒకే కంపెనీ చేతిలో ఉండాయి, మా టీవీని స్టార్ వాళ్ళు 2015లో తీసుకున్నారు, అందుకే ఒక భాషలో టీఆర్పీ తెచ్చిన కథ ఇంకో భాషలోకి ఇట్టే వచ్చేస్తుంది. అక్కడ హీరో ముత్తు, ఇక్కడ బాలు. అక్కడ అత్త విజయ, ఇక్కడ ప్రభావతి. మీనా పేరు మాత్రం రెండుచోట్లా మీనానే, పూలు అమ్ముకొని బతికిన ఇంటి పిల్ల. మనోజ్, రోహిణి, రవి, శృతి, వీళ్ళ పేర్లు కూడా అట్లే ఉంచేసినారు, దాంతో రెండూ చూసేవాళ్ళకి తల తిరిగిపోతుంది, ఏ గొడవ ఏ భాషలో చూసినామో గుర్తుండదు.

ముందు తమిళం తరఫున మాట్లాడతా, ఎందుకంటే నాకు అదంటే ఇష్టం జాస్తి, దాచేదేముంది. ముత్తు వేసిన వెట్రి వసంత్ కోపం, ఎగతాళి, నాయన ముందు మెత్తబడిపోయేది, ఇవన్నీ ఒకే సీన్‌లో మార్చేస్తాడు, ట్యాక్సీ నడిపే మనిషి అంటే నమ్మేటట్టు ఉంటాడు. మీనాగా గోమతి ప్రియ. ఆ పిల్ల మనకి కొత్తేం కాదు, జీ తెలుగులో హిట్లర్ గారి పెళ్ళాంలో నిరుపమ్ పక్కన చేసింది ఆమే, మా అత్తయితే తమిళంలో చూసిన మొదటి రోజే "ఇది మన హిట్లర్ పెళ్ళాం కదే" అనింది. ఇంకోటి, తమిళం వాళ్ళ ఇల్లు ఇల్లు మాదిరే ఉంటుంది. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, రూములు చాలవు, ఎవరు హాల్లో పడుకోవాలి అనే దాని మీదనే వారాలకి వారాలు కథ నడిపినారు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి ఆ బాధ చెప్పక్కర్లేదు, తిరుపతిలో కొర్లగుంట పక్కన రెండు రూముల ఇంట్లో పండక్కి చుట్టాలు దిగితే ఏం జరుగుతుందో అదే కదా.

కానీ తమిళంలో ఒక చిక్కు ఉండాది. మనకి వచ్చే తమిళం కూరగాయలు బేరం చేసే తమిళం. ముత్తు స్పీడుగా వేసే పంచ్‌లు సగం అర్థమవుతాయి, సగం పక్కన కూర్చున్నోళ్ళు నవ్వితే మనమూ నవ్వేస్తాం. నగరి వాళ్ళకి ఈ బాధ లేదు, తిరుపతిలో పుట్టి పెరిగిన పిల్లోళ్ళకి మాత్రం కథ తెలుస్తుంది గానీ మాటలో ఉండే రుచి తెలీదు. చానల్ గొడవ ఇంకొకటి. ముందు కేబులాయన ఏది ఇస్తే అది, తమిళం చానళ్ళు ఊరికే వచ్చేవి. 2019లో ట్రాయ్ కొత్త రూల్ వచ్చి చానళ్ళు ఎవరికి కావాల్సినవి వాళ్ళు ఏరుకోమన్నాక చానా ఇళ్ళల్లో విజయ్ టీవీ ఎగిరిపోయింది, మళ్ళీ విడిగా అడిగి వేయించుకోవాలి. దానికి నెల నెలా డబ్బు కట్టేది దండగ అనుకున్నోళ్ళు ఫోన్‌లో చూసుకుంటాండారు.

ఇప్పుడు తెలుగు తరఫున. గుడిగంటలు మొదట్లో నేను మూతి ముడుచుకొని చూసినా, ఎందుకంటే బుర్రలో ముత్తు ఉండాడు కాబట్టి బాలు ఏం చేసినా తక్కువగానే కనిపించింది. కానీ తమిళం చూడని మా వదిన పక్కన కూర్చొని చూస్తే ఆమె బాలుకి పడి పడి నవ్వుతా ఉంది, ఆమెకి వాడే అసలు, ముత్తు ఎవరో ఆమెకేం తెలుసు. విష్ణుకాంత్, అమూల్య గౌడ జంట బాగానే కుదిరింది, అది ఒప్పుకోవాల్సిందే. ఇంకో లాభం ఏమంటే తమిళం ముందు నడిచిపోయింది కాబట్టి ఏ ట్రాక్‌కి జనం విసుక్కున్నారో తెలుగు వాళ్ళకి ముందే తెలుస్తుంది, తలుచుకుంటే దాన్ని కత్తిరించేయొచ్చు. ప్రతిసారీ కత్తిరిస్తారా అంటే లేదు, కొన్నిచోట్ల సాగదీసిందాన్ని ఇంకా సాగదీస్తారు, ఒక్క ముఖం మీద మూడుసార్లు కెమెరా తిప్పి డబ్ డబ్ అని మ్యూజిక్ వేసి రెండు నిమిషాలు తినేస్తారు, అది వేరే సంగతి.

తెలుగు సీరియళ్ళ మీద నా అసలు కోపం యాస గురించి. ఏ సీరియల్ చూసినా అందరూ ఒకటే హైదరాబాద్ స్టూడియో తెలుగు మాట్లాడతారు. మన సీమ యాస వినిపించిందంటే వాడు కత్తి పట్టుకున్న విలనన్నా అయ్యుండాలి, లేదంటే కామెడీ కోసం పెట్టిన పనోడన్నా అయ్యుండాలి. తిరుపతిలో గంగమ్మ జాతర అంత పెద్దగా జరుగుతుంది, వేషాలు వేసుకొని ఊరంతా తిరుగుతారు, అట్లాంటిది ఒక సీరియల్లో పండగ ఎపిసోడ్‌గా పెట్టరాదా? పెట్టరు. సంక్రాంతి అంటే ముగ్గు, పట్టుచీర, హాల్లో డాన్సు. సరే, ఏడుపు చాలు.

ఒక్క గుడిగంటలు చూసి తమిళమే గొప్ప అనేస్తే తప్పు, ఎందుకంటే ముందు మనమే ముందుండే రోజులు ఉన్నాయి. కార్తీక దీపం 2017 అక్టోబర్‌లో మొదలయింది, అది మలయాళం కరుతముత్తు నుంచి వచ్చిన కథ, అక్కడ హీరోయిన్‌గా చేసిన ప్రేమీ విశ్వనాథ్‌నే ఇక్కడ వంటలక్కగా తెచ్చినారు. అదే కథ తమిళంలో భారతి కన్నమ్మగా వచ్చేసరికి 2019. అప్పుడు సీను తిరగబడింది, వేలూరు పక్కనుండే మా చుట్టాలు ఫోన్ చేసి "మీ తెలుగులో డాక్టర్‌కి నిజం తెలిసిందా లేదా" అని అడిగేవాళ్ళు. ఏం చెప్పాలి, మాకే తెలీదు! డాక్టర్ చదివినోడు ఒక డీఎన్ఏ టెస్ట్ చేయించుకోడానికి ఏండ్లకి ఏండ్లు తీసుకున్నాడు. ఆ రెండిట్లో నా ఓటు కళ్ళు మూసుకొని తెలుగుకే. తమిళంలో కన్నమ్మ బ్యాగ్ తగిలించుకొని రోడ్ల మీద నడిచీ నడిచీ మీమ్స్ పాలైంది, మధ్యలో హీరోయిన్ కూడా మారిపోయింది, మన వంటలక్కగా మాత్రం 2023 జనవరిలో ముగిసేదాకా ప్రేమీ ఒక్కతే చేసింది.

ఇంటింటి గృహలక్ష్మి, బాకియలక్ష్మి జోడీ ఇంకా తమాషా. రెండూ శ్రీమోయీ అనే బెంగాలీ సీరియల్ నుంచి వచ్చినవే, రెండూ 2020లోనే మొదలయినాయి, తెలుగు కొన్ని నెలలు ముందు. అయినా రెండూ ఒక తల్లి కడుపున పుట్టినట్టు ఉండవు. తెలుగులో తులసి కష్టాల మీద కథ నడిచింది, కస్తూరి బాగా చేసింది గానీ ఎపిసోడ్ అయ్యేసరికి మనకి గుండె బరువెక్కిపోయేది. తమిళంలో భాగ్య వంట చేసి సొంతంగా నిలబడేది ఒకవైపు, ఇద్దరు ఆడోళ్ళ మధ్య నలిగిపోయే మొగుడు గోపీ తిప్పలు ఒకవైపు, ఆ గోపీ తిట్టించుకునేదాన్ని చూడ్డానికే మా ఇంట్లో మగోళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. అక్కడ తమిళమే మేలు, సందేహం లేదు. వదినమ్మ సీరియల్‌కి వస్తే ఏది మేలు అని అడగనక్కర్లేదు, తమిళం పాండియన్ స్టోర్స్‌లో పెద్ద కోడలు, తెలుగులో వదినమ్మ, రెండూ సుజితే చేసింది.

సరే, కథ ముందే తెలిసిపోతే చూసే మజా పోతుందా? దీని మీద నాకు ఒక లెక్క కుదిరింది. రోజువారీ గొడవల ట్రాకులకి ఏమీ పోదు. అత్త ఏదో అంటుంది, బాలు తిరిగి అంటాడు, మీనా సర్దిచెప్తుంది, ఇందులో సస్పెన్స్ యాడుంది? మనం చూసేది అత్త ముఖం ఎట్ల మాడిపోతుందా అని, అది తమిళంలో విజయ ముఖం చూసినా తెలుగులో ప్రభావతి ముఖం మళ్ళీ చూడాలనే ఉంటుంది. కానీ గుట్టు ట్రాక్ అట్ల కాదు. రోహిణి ముందే పెళ్ళయి కొడుకు కూడా ఉన్న సంగతి దాచి, మలేషియాలో డబ్బున్న నాయన ఉన్నాడని కోసి మనోజ్‌ని చేసుకుంది కదా తమిళంలో, ఆ గుట్టు ఎవరికి ఎప్పుడు తెలుస్తుందా అని వందల ఎపిసోడ్లు జనాన్ని కట్టి పడేసినారు. అట్లాంటిది ముందే తెలుసుకుంటే తెలుగులో చూడ్డానికి ఇంక పిప్పే మిగిలేది. కాబట్టి గుట్టు బయటపడే వారం వస్తా ఉందని అనుమానం రాగానే తమిళం ఆపేసి తెలుగులోనే చూడండి. కామెడీ ట్రాక్ నడిచేటప్పుడు ఏ భయం లేకుండా రెండూ చూసుకోవచ్చు.

తెలుగే అనుకున్నాక ఇంకో తిరకాసు, టీవీలోనా, హాట్‌స్టార్‌లోనా. 2025 ఫిబ్రవరి నుంచి అది జియోహాట్‌స్టార్ అయింది లెండి. డబ్బు కట్టినోళ్ళకి టీవీలో పడేదానికంటే ముందే ఎపిసోడ్ వచ్చేస్తుంది. బస్సులో పనికి పోతా చూసుకోవచ్చు, నిన్నటి కథ మళ్ళీ చూపించేది తోసేయొచ్చు, స్లో మోషన్ వస్తే పది సెకన్లు ముందుకి దూకొచ్చు, అరగంట సీరియల్ పావుగంటలో అయిపోతుంది. ఒంటరిగా హాస్టల్లోనో రూములోనో ఉండేవాళ్ళకి ఇదే మేలు. ఇంటి నిండా మనుషులుంటే మాత్రం వద్దంటా. ఒకరు పొద్దున్నే చూసేసి వస్తే రాత్రి వాళ్ళ ముఖమే కథ చెప్పేస్తుంది, అత్త అడగతానే ఉంటుంది "ఏమైందో నీకు తెల్సు గదా, చెప్పు", చెప్తే ఒక తప్పు, చెప్పకపోతే ఇంకో తప్పు. యాడ్స్ టైంలో సంగటి కెలుక్కొని వచ్చే వీలు టీవీలోనే ఉంటుంది, అది కూడా లెక్కే కదా.

ఇంక ప్రోమో చూసి కింద కామెంట్లు చదివి సీరియల్ చూసేసినట్టే అనుకునే బ్యాచ్ ఉంది. ప్రోమోలో చెంపదెబ్బ పడుతుంది, ఎపిసోడ్‌లో అది కల. వాళ్ళ గురించి ఇంతకంటే రాయను.

ఇప్పుడు కొత్తగా ఎవరైనా మొదలుపెట్టాలంటే నేను చెప్పేది ఇల్లు ఇల్లాలు పిల్లలు గురించి. ఇది పాండియన్ స్టోర్స్ 2 కథ, అక్కడ 2023 అక్టోబర్‌లో మొదలయింది, ఇక్కడ 2024 నవంబర్‌లో, ఏడాది పైనే తేడా. అక్కడ పాండియన్‌ది సరుకుల కొట్టు, ఇక్కడ రామరాజుది రైస్ మిల్లు, ఆ మార్పుతోనే ఇంటి వాతావరణం మన పక్కకి వచ్చేసింది. ప్రభాకర్, ఆమని ఇద్దరూ ఎదురెదురుగా నిలబడితే చూడ్డానికి నిండుగా ఉంటుంది, పిల్లలు పెళ్ళిళ్ళు దాచేది, నాయన ముందు నోరు పెగలకపోయేది, ఇందులో గుట్టులే జాస్తి, అందుకే నా లెక్క ప్రకారం దీన్ని తెలుగులోనే చూడాలి, తమిళం జోలికి పోవద్దు. గుడిగంటలకి మాత్రం తమిళం వచ్చినోళ్ళు తమిళమే చూడండి, రానోళ్ళు తెలుగు చూడండి, నష్టం లేదు.

కార్తీక దీపం 2 సంగతి అడుగుతారేమో, 2024 మార్చి నుంచి రాత్రి 8 గంటలకి మొదలైంది కదా. దీప అసలు వారసురాలు, జ్యోత్స్న మారిపోయిన పిల్ల, అది మనకి ముందే తెలుసు, ఇంట్లో వాళ్ళకి చానా రోజులు తెలీలేదు. మా వీధిలో ఈ ఒక్కదాని గురించే ముందు కథ చెప్పేవాళ్ళు ఎవరూ దొరకలా, తమిళం బ్యాచ్ కూడా మాతో పాటే నోరు తెరుచుకొని కూర్చుంటాండారు, అందుకే రాత్రి 8కి దాని గురించి కొట్లాట లేకుండా అందరం ఒకే టీవీ ముందుంటాం, రిమోట్ ఎవరి చేతిలో ఉండాలనేదాని మీద తప్ప.