టోరిక్ లెన్స్‌తో మూడేళ్లు: ఒక కంటికి ఉంది, ఇంకో కంటికి లేదు

నా రెండు కళ్లకీ శుక్లం ఆపరేషన్ అయింది. 2019లో ఎడమ కంటికి మామూలు లెన్స్, 2022లో కుడి కంటికి, చూపుని ఒక పక్కకి సాగదీసే లోపాన్ని కూడా సరిచేసే టోరిక్ లెన్స్ వేశారు. ఆ తేడా పొద్దున్నే వాకిట్లో ముగ్గు పెట్టేటప్పుడు బాగా తెలుస్తుంది. అద్దాలు తీసేసి ఎడమ కంటితో చూస్తే చుక్కలు పక్కకి సాగి గీతల్లా ఉంటాయి. కుడి కంటితో చూస్తే చుక్క చుక్కలాగే ఉంటుంది, అంచున రాలిన పిండి కూడా కనిపిస్తుంది.

ఎడమ కంటికి ఆపరేషన్ చేసినచోట సిలిండర్ పవర్ (ఆ సాగే లోపానికి అద్దాల్లో వేసే పవర్) గురించి నాతో ఎవరూ మాట్లాడలేదు. శుక్లం పోయింది గానీ రెండు పాయింట్ల సిలిండర్ అలాగే మిగిలింది. అడిగితే "అద్దాలు పెట్టుకోండమ్మా" అన్నారు. ముందే చెప్పి ఉంటే ఇంట్లో ఆలోచించుకునేవాళ్లం కదా అన్న బాధ నాకు ఇంకా పోలేదు.

కుడి కంటికి కూకట్‌పల్లిలో వేరే ఆసుపత్రికి వెళ్లాం. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, ఒక దిక్కున ఎక్కువ వంగి ఉంటుందని, దానికి విరుగుడు పవర్ టోరిక్ లెన్స్‌లోనే ఉంటుందని అక్కడి డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. అద్దాల చీటీలో రాసిన సిలిండర్ కాదు, కార్నియా కొలతే లెక్కట. ఆ వంపు ఏ దిక్కున ఉందో కొలిస్తే రెండు మెషీన్లలో రెండు రకాల కోణం వచ్చింది. కళ్లు పొడిబారాయని చుక్కల మందు ఇచ్చి, రెండు వారాలాగి మళ్లీ కొలిచారు. అప్పుడు రెండూ కలిశాయి. ఆ రెండు వారాలూ విసుక్కున్నాను గానీ, ఇవాళ నాకు కనిపిస్తున్నదంతా ఆ ఓపిక వల్లే అనుకుంటాను.

ఆపరేషన్ రోజు పడుకోబెట్టకముందే కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ఎదురుగా చూడమని, నల్లగుడ్డు అంచున సిరాతో గుర్తులు పెట్టారు. పడుకుంటే కన్ను కాస్త తిరుగుతుందట. లెన్స్ మీద కూడా సన్నటి చుక్కలుంటాయి, వాటిని సరైన కోణానికి తిప్పి నిలబెడతారు. పది డిగ్రీలు పక్కకి జరిగితే మూడో వంతు ఫలితం పోతుంది, ముప్ఫై జరిగితే పెట్టీ లాభం లేదు. జరిగితే మొదటి రోజుల్లోనే జరుగుతుంది కాబట్టి మర్నాడే చుక్కల మందుతో కంటిపాప పెద్దది చేసి చూశారు. నాది నిలబడింది.

ఇబ్బందులూ ఉన్నాయి. నాది దూరం చూపు లెన్సే, చదవడానికి అద్దాలు తప్పవు. బీమావాళ్లు మామూలు లెన్స్ మేరకే ఇచ్చారు, మిగతాది మేమే పెట్టుకున్నాం. రెండేళ్లకి లెన్స్ వెనక పొర మసకబారితే లేజర్ చేశారు, నిమిషాల్లో అయిపోయింది. రాత్రి మెట్రో స్టేషన్ దగ్గర దీపాలు ఎడమ కంటికి ఇప్పటికీ తోకలతోనే కనిపిస్తాయి. అది మార్చవచ్చా అంటే, ఇన్నేళ్లకి పాత లెన్స్ కంట్లో దాన్ని పట్టి ఉంచే సంచిలాంటి పొరకి అతుక్కుని ఉంటుంది, తీయడం మంచిది కాదన్నారు.

వచ్చే నెల మా వదినకి ఆపరేషన్. ఆవిడ రిపోర్టులో కె1కీ కె2కీ, అంటే కార్నియా తక్కువ వంపుకీ ఎక్కువ వంపుకీ, రెండున్నర పాయింట్ల తేడా ఉంది. ఈసారి డాక్టర్ దగ్గరికి నేనూ వెళ్తున్నాను.