గ్రాబ్ దారి, ఉబర్ దారి
ఆగ్నేయాసియాలో అడుగుపెట్టినప్పుడు ఉబర్‌ది ఒకటే లెక్క: ఏ దేశమైనా అదే యాప్, అదే కార్డు చెల్లింపు. 2012లో మలేసియాలో మైటెక్సీగా మొదలైన క్యాబ్ యాప్ గ్రాబ్ మాత్రం రోడ్డు మీదున్న టాక్సీవాళ్లనే కలుపుకుంది. దిగేటప్పుడు నోట్లు చేతిలో పెడితే చాలు. జకార్తా ట్రాఫిక్‌లో కారు కదలదని బైకులూ దించింది. కార్డే లేని జనాన్ని కార్డు అడగడమేంటో! ఉబర్ చివరికి నగదుకు దిగొచ్చింది, అదీ 2015లో, ముందుగా మన హైదరాబాద్‌లో.

2018 మార్చిలో ఉబర్ తన ఆగ్నేయాసియా వ్యాపారాన్ని గ్రాబ్‌కు అప్పగించి, బదులుగా అందులో 27.5 శాతం వాటా పుచ్చుకుంది. ఓడినా నష్టపోలేదన్నమాట. నాకైతే గ్రాబ్ పద్ధతే నచ్చుతుంది. కానీ పోటీ పోయాక ఛార్జీలు పెరిగాయని తేల్చిన సింగపూర్ నియంత్రణ సంస్థ ఇద్దరికీ కలిపి 1.3 కోట్ల సింగపూర్ డాలర్ల జరిమానా వేసింది.