పదిహేనేళ్ల రెబా ఫోర్కు: ఏడేళ్ల ఇంటి సర్వీసు తర్వాత

నా సైకిలు ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులు మింగే ఫోర్కులో, నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు పోయిన సంగతి నాకు బ్రేకు ద్వారా తెలిసింది. 2018 వర్షాకాలం చివర, వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల్లో మట్టిదారి దిగుతుంటే ముందు డిస్కు బ్రేకు కీచుమని అరిచింది కానీ పట్టలేదు. ఎలాగో ఆపి చూస్తే, ఫోర్కు ఎడమ కాలి మీదుగా నూనె చార, బ్రేకు ప్యాడ్లను పట్టుకునే కాలిపర్ దాకా జారి ఉంది. దాని మీద ఎర్రమట్టి పూత పూసినట్టు అంటుకుంది. బ్రేకు ప్యాడ్లు ఆ రోజే చెత్తబుట్ట పాలయ్యాయి.

ఆ సైకిలు అప్పటికి నా దగ్గరికి వచ్చి నాలుగు నెలలు. నాకన్నా ముందు ఇద్దరి చేతులు మారింది. 26 అంగుళాల చక్రాలు, 2010 నాటి రాక్‌షాక్స్ కంపెనీ రెబా ఎస్ఎల్ ఫోర్కు, 100 మిల్లీమీటర్ల ట్రావెల్, అంటే అది లోపలికి దిగగల దూరం. అమ్మిన ఆయన "ఇంతవరకు ఒక్కసారి కూడా విప్పలేదు" అని గర్వంగా చెప్పాడు. నేనూ గర్వంగానే విన్నాను. ఎనిమిదేళ్లు విప్పని ఫోర్కు అంటే ఎనిమిదేళ్లు నూనె మార్చని బండి అని అప్పటికి నాకు తెలియదు.

ఒక దుకాణంలో చూపిస్తే విప్పకుండానే తీర్పు చెప్పేశారు: పాతది, కొత్తది వేయించుకోండి. సరే అనుకుని లెక్క వేశాను. ఇప్పుడు వచ్చే మంచి ఫోర్కుల్లో చాలావాటికి స్టీరర్ గొట్టం, అంటే ఫ్రేములోకి దూరే పై గొట్టం, కింద లావుగా, పైన సన్నగా ఉంటుంది. నా ఫ్రేముకు అంగుళంపావు కంటే కాస్త తక్కువ, పైనుంచి కింది దాకా ఒకే లావు గొట్టం కావాలి. చక్రాల కొలత కూడా మారిపోయింది. కొత్త ఫోర్కు కొంటే కొత్త చక్రం, దాని కోసం కొత్త ఫ్రేము. గోచీని కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లి కోసం ఆవును తెచ్చుకుని చివరికి సంసారంలో పడిన సన్యాసి కథ గుర్తొచ్చింది. సీల్ కిట్ ఒకటి తెప్పించుకుని ఇంట్లోనే విప్పుదామని అప్పుడే నిర్ణయించుకున్నాను.

అప్పటినుంచి లోయర్లు, అంటే చక్రం బిగించే కింది కాళ్లు, పదమూడు సార్లు ఊడదీశాను. గాలే స్ప్రింగుగా పనిచేసే ఎడమ వైపును మూడుసార్లు, నూనెతో కదలికను అదుపు చేసే కుడి వైపు డ్యాంపర్‌ను రెండుసార్లు పూర్తిగా విప్పాను. ఫోర్కు ఇంకా నడుస్తోంది, బాగానే నడుస్తోంది. అయితే ఈ పనిలో ఏది అందరూ చేయదగినది, ఏది మహా ఓపిక ఉంటే తప్ప జోలికి వెళ్లకూడనిది అన్న విషయంలో నాకు గట్టి అభిప్రాయాలు ఏర్పడ్డాయి.

పనిముట్ల కోసం సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒక శనివారం తిరిగాను. అలెన్ కీలు, నైలాన్ సుత్తి, లోపలి సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) తీసే సన్న ముక్కు ప్లయర్, 24 మిల్లీమీటర్ల సాకెట్ తీసుకున్నాను. చిక్కంతా ఆ సాకెట్‌తోనే. ఫోర్కు పైమూతలు మెత్తని అల్యూమినియంతో, చాలా పల్చగా ఉంటాయి. మామూలు సాకెట్ మూతి లోపలి అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అది మూతను సగమే పట్టుకుంటుంది. కాస్త బలం వేస్తే జారి మూలలు అరిగిపోతాయి. అక్కడే ఒక లేత్ షాపులో సాకెట్ మూతిని సమంగా కోయించాను. ఐదు నిమిషాల పని. ఈ ఏడేళ్లలో నేను పెట్టిన ఖర్చులన్నిటిలో రూపాయికి రెండు రూపాయల ఫలితం ఇచ్చింది అదే. ఫోర్కులో గాలి నింపే షాక్ పంపు, బిగింపును కొలిచే చిన్న టార్క్ రెంచ్ మాత్రం ఆన్‌లైన్‌లో కొన్నాను.

నాది డ్యుయల్ ఎయిర్ రకం రెబా. దాని ఎడమ కాలిలో రెండు గాలి గదులు ఉంటాయి. పైనున్న పాజిటివ్ గది మన బరువును మోస్తుంది. అడుగునుంచి నింపే నెగటివ్ గది దానికి ఎదురు నెట్టి, చిన్న గులకరాయికి కూడా ఫోర్కు కదిలేలా చేస్తుంది. నింపేటప్పుడు ముందు పైన, తర్వాత కింద. వదిలేటప్పుడు ముందు కింద, తర్వాత పైన. తొందరలో ఒకసారి తిరగేసి చేశాను. పై గాలి పోగానే కింది గాలి ఫోర్కును లోపలికి లాగేసింది, తాబేలు తల ముడుచుకున్నట్టు. నష్టమేమీ లేదు, గుండె మాత్రం ఒక్కసారి ఆగింది.

గాలి వదిలాక, ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని మార్చే రిబౌండ్ నాబ్ లాగేసి, కుడి కాలి అడుగున ఉన్న 5 మిల్లీమీటర్ల అలెన్ బోల్టును, ఎడమ అడుగున ఉన్న 10 మిల్లీమీటర్ల నట్టును మూడు నాలుగు చుట్లు మాత్రమే వదులు చేయాలి. ఆ తర్వాత వాటి మీదే నైలాన్ సుత్తితో కొడితే లోపల బిగుసుకున్న షాఫ్టులు విడతాయి. మాన్యువల్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. నేను చదివాను కూడా. చదివి, నట్టు మొత్తం తీసేసి, ఖాళీ మర మీద మామూలు ఇనుప సుత్తితో కొట్టాను. మొదటి రెండు చుట్లు నలిగిపోయాయి. సన్న ఆకురాయితో వాటిని సరిచేసుకుంటూ ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. చూసిన మా నాన్న "అంత అవసరమా నీకు?" అని మాత్రం అన్నారు.

లోయర్లు ఊడి వచ్చినప్పుడు లోపల నూనె అనదగినది లేదు. ఇటుక రంగు చిక్కటి ముద్ద ఒకటి ఉంది. సీలు కింద ఉండే స్పాంజి రింగులు ఎండిన వడియాల్లా గట్టిపడ్డాయి. నిజానికి ఫోర్కు పనితనమంతా ఈ రింగుల దగ్గరే ఉంది. నూనె పీల్చుకుని, లోయర్లలోకి జారే పైగొట్టం కదిలిన ప్రతిసారీ దానికి పల్చటి పూత పూయడమే వాటి పని. అవి ఎండితే సీలు ఎంత ఖరీదైనదైనా రాపిడి తప్పదు. ఇప్పుడు నేను కొత్త రింగులను ముందురోజు రాత్రే చిన్న డబ్బాలో నూనెలో నానబెడతాను.

శుభ్రం చేయడానికి మన గ్యారేజీల్లో కిరోసిన్, పెట్రోలు అలవాటు. రబ్బరు సీళ్లకు, ఓ-రింగులకు అవి పడవు, ఉబ్బిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పోగులు ఊడని గుడ్డ చాలు. పాత సీలు పెకలించేటప్పుడు లోయర్ అంచు మీద మందపాటి గుడ్డ మడిచి వేయండి. లోయర్లు మెగ్నీషియం, స్పానరు మొన తగిలితే గాటు పడుతుంది. కొత్త సీలు దిగ్గొట్టడానికి ప్రత్యేక పనిముట్టు అమ్ముతారు. నేను కొనలేదు. కొత్త సీలు మీద పాత సీలును బోర్లించి, దాని మీద చదునైన చెక్కముక్క పెట్టి, నాలుగు వైపులా కొద్దికొద్దిగా తడుతూ వెళ్తే తిన్నగా దిగుతుంది. ఒకవైపే కొడితే వంకరగా కూర్చుంటుంది, అప్పుడు మళ్లీ పీకాల్సిందే.

ఇక నూనె. మొదటిసారి నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. లోయర్లలో పోయాల్సింది కాలికి 15 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద చెంచాడు. అంత తక్కువ చూసి నాకు నమ్మకం కుదరలేదు. దయతలచి రెండింతలకు పైగా పోశాను. తిరిగి బిగించాక ఫోర్కు మెత్తగా మొదలై, ముప్పాతిక దాకా వెళ్లి గోడ తగిలినట్టు ఆగిపోయేది. నూనె ఎక్కువైతే కిందికాలిలో గాలికి చోటు తగ్గుతుంది, నొక్కుకొద్దీ ఆ కాస్త గాలే రాయిలా మారుతుంది. ఇప్పుడు మందుల షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజితో కొలిచి పోస్తాను. మోడల్‌ను బట్టి, సంవత్సరాన్ని బట్టి ఈ కొలత మారుతుంది. ఫోర్కు మీది సీరియల్ నంబరుతో మీ మాన్యువల్ వెతుక్కోండి, నా అంకెను కాపీ కొట్టకండి.

నూనె చిక్కదనం కథ ఇంకొకటి. లోయర్లకు 15 వెయిట్, డ్యాంపర్‌కు 5 వెయిట్ అని రాసి ఉంటుంది. ఈ 'వెయిట్' కంపెనీ కంపెనీకి మారుతుంది. ఒకరి 5 వెయిట్ ఇంకొకరి దానికంటే బాగా చిక్కగా ఉండవచ్చు. 40 డిగ్రీల దగ్గర చిక్కదనాన్ని కంపెనీలు సెంటీస్టోక్‌లలో ఇస్తాయి, దాన్ని పోల్చుకోవడమే సరైన పద్ధతి. నేను మోటార్‌సైకిళ్ల కోసం అమ్మే మోతుల్ ఫోర్క్ ఆయిల్ వాడుతున్నాను. లీటరు సీసా నాకు రెండేళ్లకు పైగా వస్తుంది. మా వీధి చివరి బైకు మెకానిక్ దగ్గర అడిగితే "సైకిలుకు కూడా ఫోర్క్ ఆయిలా సార్?" అని పకపకా నవ్వాడు. తర్వాత ఫోర్కు తీసుకెళ్లి చూపిస్తే పది నిమిషాలు తిప్పి తిప్పి చూసి, "మా బండి ఫోర్కుకి తమ్ముడిలా ఉంది" అన్నాడు. అతను అన్నదానిలో చరిత్ర కూడా ఉంది. 1989లో రాక్‌షాక్స్ మొదలుపెట్టిన పాల్ టర్నర్ అంతకుముందు మోటోక్రాస్ మెకానిక్. మర్నాటినుంచి నా వాడేసిన నూనె అతని డ్రమ్ములోకే వెళుతోంది.

బిగించేటప్పుడు తెలియక నేను గంట తన్నుకులాడిన సంగతి ఒకటి చెప్పాలి. లోయర్ ప్రతి కాలిలో రెండు బుషింగులు, అంటే పైగొట్టం ఆనుకుని జారే వలయాలు, ఉంటాయి. పైగొట్టాలను దించితే మొదటి బుషింగు తేలిగ్గా దాటుతుంది, రెండోదాని దగ్గర ఆగుతుంది. అక్కడ బలం వేయకుండా లోయర్లను అటూ ఇటూ మెల్లగా ఊపుతూ తోస్తే జారి కూర్చుంటాయి. షాఫ్టులు అడుగు రంధ్రాలను చేరకముందే ఆగి, ఫోర్కును పడుకోబెట్టినట్టు వంచి, ఆ రంధ్రాల్లోంచి సిరంజితో నూనె పోయాలి. తర్వాత పూర్తిగా తోసి, బిగిస్తే నలిగి నూనె కారకుండా మూసే కొత్త క్రష్ వాషర్లతో బిగించాలి. బోల్టుకు 7.3 న్యూటన్ మీటర్లు. పాత వాషర్లతోనే సరిపెడదామని ఒకసారి చూశాను. మర్నాడు పొద్దున గచ్చు మీద రూపాయి బిళ్లంత మరక కనిపించింది.

ఇదంతా ఇప్పుడు నాకు గంటన్నర పని. ప్రతి 50 గంటల సవారీకి చేయాలంటారు. నేను వానలకు ముందొకసారి, వానలు వెలిశాక ఒకసారి చేస్తాను. స్పానరు పట్టగలిగిన వాళ్లెవరైనా చేసుకోవచ్చు.

డ్యాంపర్ మాత్రం వేరే లోకం. మొదటిసారి విప్పినప్పుడే కుడి లోయర్‌లో ఉండాల్సిన దానికంటే ఎక్కువ, పల్చటి ఎర్ర నూనె కనిపించింది. పైగొట్టంలో ఉండాల్సిన డ్యాంపర్ నూనె, ఆ గొట్టం అడుగును మూసే అరిగిన సీల్ హెడ్ మీదుగా కిందికి దిగిపోతోందన్నమాట. ఫోర్కు కదలకుండా ఆపే లాకౌట్ వేసినా ఫోర్కు మెత్తగా కుంగిపోవడానికి కారణం అదే. ఎనిమిదేళ్ల నిర్లక్ష్యానికి అది తక్కువ శిక్షే. సీల్ హెడ్‌ను పట్టుకునే సర్‌క్లిప్ తీయడానికి కళ్లద్దాలు పెట్టుకోండి. నాది ఒకసారి ఎగిరి అల్మరా కిందికి పోయింది, మా ఆవిడ టార్చి పట్టుకుంటే నేను నేల మీద పాకాను. తిరిగి వేసేటప్పుడు దాని పదునైన అంచు బయటికి ఉండాలి. వేశాక ప్లయర్‌తో కాస్త తిప్పి చూస్తే గాడిలో పడిందో లేదో తెలుస్తుంది.

నూనె నింపాక రిబౌండ్ షాఫ్టును పైకీ కిందికీ ఆడిస్తూ బుడగలు పోగొట్టాలి. నాకు ఇక్కడ ఓపిక చాలలేదు. మొదటిసారి బుడగలు మిగిలిపోయి, ఫోర్కు తిరిగి లేచేటప్పుడు బురదలోంచి చెప్పు లాగిన చప్పుడు వచ్చేది. నెల తర్వాత మళ్లీ విప్పాను. రెండోసారి నూనె పోసి, టీ తాగి వచ్చి, మళ్లీ ఆడించి, మళ్లీ ఆగి చేశాను. అప్పటినుంచి ఆరేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు. లాకౌట్ గట్టిగానే పడుతోంది. డ్యాంపర్ తనంతట తాను ఫిర్యాదు చేసేదాకా దాని జోలికి వెళ్లకండి.

సీళ్ల సంగతి. మొదట వేసిన కంపెనీ కిట్టు రెండు వర్షాకాలాలు నిలిచింది. తర్వాత చవకగా దొరికాయని పేరూ ఊరూ లేని సీళ్లు వేశాను. మూడు నెలలకే పైగొట్టాల మీద నూనె వలయం మొదలైంది. ఇప్పుడున్నవి ఎస్‌కేఎఫ్ ఆకుపచ్చ సీళ్లు. మొదటి రెండు వారాలు కాస్త బిగుతు. తర్వాత మాత్రం, వేలితో హ్యాండిల్ నొక్కినా ఫోర్కు దిగుతోంది. పైగొట్టం లావు 32 మిల్లీమీటర్లే కదా అని ఏదో ఒకటి కొనకండి, ఏ ఏటి ఫోర్కుకు ఏ రకమో చూసుకోవాలి.

బాగు చేయలేనిది ఒకటే. కుడి పైగొట్టం వెనకవైపు నల్లపూత గోరంత మేర అరిగి, లోపలి తెల్లటి లోహం బయటపడింది. రాయి తగిలి పడిన చిన్న గీతనైతే గోళ్లరంగుతో నింపి, సన్న ఉప్పుకాగితంతో రుద్ది దారిలో పెట్టాను. అరిగిన పూతకు అలాంటి చిట్కా ఏదీ లేదు. ముందు బ్రేకు పట్టి ఊపితే బుషింగుల్లో సన్నటి కదలిక కూడా తెలుస్తోంది. బుషింగులు మార్చడానికి ప్రత్యేక పనిముట్లు కావాలి, ఆ పని ఇంట్లో చేయను.

ఈ అక్టోబరులో మళ్లీ విప్పాలి. డబ్బాలో ఒక జత స్పాంజి రింగులు, అరసీసా నూనె ఉన్నాయి. క్రష్ వాషర్లు అయిపోయాయి, తెప్పించాలి. ఆ తెల్ల మచ్చ పొడవు పోయినసారి ఎనిమిది మిల్లీమీటర్లని సర్వీసు పుస్తకంలో రాసుకున్నాను. ఈసారి స్కేలు పెట్టి చూస్తాను.