ఒకే స్కీమా, మూడు డేటాబేస్‌లు: ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, అలెంబిక్‌ ఏళ్ల తరబడి వాడాక

గుంటూరులో మిర్చి వ్యాపారానికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి డేటాబేస్ ఎంచుకునే స్వేచ్ఛ పెద్దగా ఉండదు. యార్డులో కమిషన్ కొట్టు గుమస్తా దగ్గర ఒక్క కంప్యూటరే ఉంటుంది. నెట్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అక్కడ సర్వర్ అక్కర్లేకుండా ఒక్క ఫైల్‌లోనే నడిచే ఎస్‌క్యూలైట్ తప్ప ఇంకోటి నిలబడదు. కోల్డ్ స్టోరేజీకి వెళితే ఎప్పుడో ఎవరో పెట్టిపోయిన మైఎస్‌క్యూఎల్ ఉంటుంది. పాత బాండ్ల (సరుకు నిల్వ రసీదుల) లెక్కలన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి దాన్ని కదిలించనివ్వరు. నాలుగైదు బ్రాంచీలున్న ఎగుమతిదారు క్లౌడ్‌లో పోస్ట్‌గ్రెస్ కావాలంటాడు. లాట్ ఒకటే, టిక్కీలు (మిర్చి బస్తాలు) ఒకటే, కాటా ఒకటే. డేటాబేస్‌లే మూడు రకాలు.

ప్రతి మార్పుకీ మూడు ఎస్‌క్యూఎల్ ఫైళ్లు రాయడం చిన్న టీముకి సాగే పని కాదు. అందుకే స్కీమా, అంటే ఏ టేబుళ్లు, వాటిలో ఏ కాలమ్స్ అనే నిర్మాణం మొత్తాన్ని పైథాన్ క్లాసుల్లో రాసుకుని, ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అనే పైథాన్ లైబ్రరీతో టేబుళ్లు, దాని తోడు అలెంబిక్‌తో మైగ్రేషన్లు (ఉన్న టేబుళ్లలో చేసే మార్పులు) నడుపుతున్నాం. రెండూ మైక్ బేయర్ మొదలుపెట్టినవే. మొదటిది 2006లో, రెండోది 2011లో బయటికి వచ్చాయి. రెండింటికీ ఎంఐటీ లైసెన్స్, పైసా ఖర్చు లేదు. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వెర్షన్ 1.3 రోజుల నుంచి 2.0 దాకా వీటితోనే ఉన్నాను కాబట్టి బాగున్నవీ బాగాలేనివీ దాచకుండా చెబుతాను.

ముందుగా నాకు బాగా నచ్చినది. టేబుల్ అంటే ఒక ఆబ్జెక్ట్, కాలమ్ అంటే ఒక ఆబ్జెక్ట్, అవన్నీ మెటాడేటా అనే ఒక్క ఆబ్జెక్ట్‌లో కూర్చుంటాయి. ప్రోగ్రాం నడుస్తుండగానే స్కీమాని చేతిలోకి తీసుకుని చూడొచ్చు: ఏ టేబుల్‌కి ఏ ఫారిన్ కీ (ఇంకో టేబుల్‌తో కలిపే లింకు) ఉంది, ఏ కాలమ్ ఖాళీగా ఉండకూడదు అన్నీ కోడే చెబుతుంది. మా టేబుళ్లన్నిటిలోనూ ఎవరు ఎంటర్ చేశారు, ఎప్పుడు మార్చారు అనే కాలమ్స్ కావాలి. ఒక చిన్న మిక్సిన్ క్లాస్ రాసి అన్నిటికీ తగిలించాం, అంతే. విడి ఎస్‌క్యూఎల్ ఫైళ్లలో అయితే ప్రతి టేబుల్‌లోనూ మళ్లీ మళ్లీ కాపీ కొట్టాల్సిందే, ఎక్కడో ఒకచోట స్పెల్లింగ్ తేడా వచ్చి తీరుతుంది.

అయితే ఒక క్లాస్ రాసేస్తే మూడు డేటాబేస్‌ల్లోనూ ఒకేలా నడుస్తుందనుకుని మొదలుపెట్టేవాళ్లకి ముందే చెబుతున్నా, అది సగం నిజమే. తేడాలు ఎక్కడికీ పోవు. వాటిని రాసుకోవడానికి ఒక పద్ధతైన చోటు దొరుకుతుంది. నా లెక్కలో ఈ లైబ్రరీ అసలు విలువ అదే.

డబ్బు సంగతే చూడండి. న్యూమరిక్ టైప్ అని రాస్తే పోస్ట్‌గ్రెస్‌లో, మైఎస్‌క్యూఎల్‌లో నిఖార్సైన దశాంశాలే నిల్వ అవుతాయి. ఎస్‌క్యూలైట్‌కి సొంతంగా డెసిమల్ టైప్ లేదు, ఫ్లోట్‌గా (ఉజ్జాయింపు దశాంశంగా) మార్చి పెట్టుకుంటుంది. ఆ సంగతి ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వార్నింగ్ ఇచ్చి మరీ చెబుతుంది. క్వింటా రేటుని టిక్కీల బరువుతో గుణించి, హమాలీ, కమిషన్ తీసేసి రైతు చేతిలో బిల్లు పెట్టేటప్పుడు పైసా తేడా వచ్చినా గుమస్తా ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. ఇలాంటి చోటే టైప్ డెకొరేటర్ అనే క్లాస్ ఆదుకుంటుంది. దాని నుంచి రూపాయలు అనే మా సొంత టైప్ ఒకటి తయారు చేసుకున్నాం. ప్రోగ్రాంలో అది డెసిమల్, డేటాబేస్‌లోకి వెళ్లేటప్పుడు పైసల్లో పూర్ణాంకం, బయటికొచ్చేటప్పుడు మళ్లీ డెసిమల్. లోపలికో ఫంక్షన్, బయటికో ఫంక్షన్, పట్టుమని పదిహేను లైన్లు లేవు. బరువుకీ అదే పద్ధతిలో గ్రాముల టైప్ పెట్టాం. మిగతా కోడ్‌లో ఎక్కడా ఎస్‌క్యూలైట్ ప్రస్తావనే రాదు. 1.4 నుంచి ఇలాంటి సొంత టైప్‌లో తయారైన ఎస్‌క్యూఎల్‌ని దాచుకుని మళ్లీ వాడుకోవచ్చని చెప్పే క్యాష్ ఓకే (cache_ok) అనే గుర్తు పెట్టకపోతే వార్నింగులు వస్తుంటాయి, అది మరిచిపోవద్దు.

రెండో ముఖ్యమైన విషయం కన్‌స్ట్రెయింట్ల, అంటే టేబుల్ మీద పెట్టే నియమాల పేర్లు. కొత్తగా వాడేవాళ్లు ఇది అసలు పట్టించుకోరు. మీరు పేరు పెట్టకపోతే ఒక్కో డేటాబేస్ తనకు తోచిన పేరు పెట్టేస్తుంది. యునీక్ కన్‌స్ట్రెయింట్‌కి (ఒకే విలువ రెండుసార్లు రాకూడదనే నియమానికి) పోస్ట్‌గ్రెస్ అయితే టేబుల్ పేరు, కాలమ్ పేరు, చివర కీ అని కలుపుతుంది. మైఎస్‌క్యూఎల్ కాలమ్ పేరే పెట్టేస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో అసలు పేరే ఉండదు. ఏడాది తర్వాత ఆ కన్‌స్ట్రెయింట్ తీసేయాలంటే ఏ పేరుతో పిలుస్తారు? మెటాడేటా ఆబ్జెక్ట్‌కి మొదటి రోజే నేమింగ్ కన్వెన్షన్ ఇచ్చేస్తే మూడింటిలోనూ ఒకే పేరు పడుతుంది. ఐదారు లైన్ల పని. నన్నడిగితే మొదటి టేబుల్ రాయకముందే ఇది రాయాలి, ఎందుకంటే కస్టమర్ల దగ్గర పేర్లు ఒకసారి తేడాగా పడ్డాక సరిచేయడం పెద్ద తలనొప్పి.

ఇక అలెంబిక్. క్లాసులో మార్పు చేసి ఆటోజనరేట్ అనగానే, ఇప్పుడున్న డేటాబేస్‌నీ మన క్లాసుల్నీ పోల్చి మైగ్రేషన్ ఫైల్ తనే రాసిస్తుంది. చూడ్డానికి హాయిగా ఉంటుంది. కానీ అది ముసాయిదా మాత్రమే. లాట్ టేబుల్‌లో రేటు అనే కాలమ్ పేరుని క్వింటా రేటు అని మార్చాల్సి వచ్చింది. ఆటోజనరేట్ రాసిచ్చిన ఫైల్ తెరిస్తే అందులో రెండు లైన్లు: కొత్త కాలమ్ చేర్చు, పాత కాలమ్ తీసెయ్. పేరు మారిందన్న సంగతి దానికి తెలియదు, తెలిసే దారీ లేదు. అలాగే నడిపితే సీజన్ రేట్లన్నీ గల్లంతు. మా టీములో ప్రతి ఫైలూ ఇంకొకరు చదివాకే ముందుకు వెళుతుంది కాబట్టి అది అక్కడే ఆగింది. ఆ రెండు లైన్లు తీసేసి ఆల్టర్ కాలమ్‌కి కొత్త పేరు ఇచ్చే ఒక్క లైన్ రాశాం. జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ వాళ్ల మైగ్రేషన్లు ఇక్కడ మెరుగు, పేరు మార్చారా అని మనల్నే అడుగుతాయి. పూర్తి వెబ్ అప్లికేషన్ జాంగోలోనే రాసేవాళ్లకి అలెంబిక్ అవసరమే లేదు, అక్కడున్నదే చాలు.

మైఎస్‌క్యూఎల్‌తో ఇంకో ఇబ్బంది ఉంది, అది అలెంబిక్ తప్పు కాదు. పోస్ట్‌గ్రెస్‌లో టేబుళ్ల మార్పులు కూడా ట్రాన్సాక్షన్‌లోనే జరుగుతాయి. మధ్యలో ఎర్రర్ వస్తే మొత్తం వెనక్కి వెళ్లిపోతుంది. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి ఆల్టర్ టేబుల్ (టేబుల్‌ని మార్చే ఆజ్ఞ) ఎప్పటికప్పుడు కమిట్ అయిపోతుంది, ఇక వెనక్కి రాదు. ఒక కోల్డ్ స్టోరేజీలో మూడు అడుగుల మైగ్రేషన్ నడుస్తుండగా కరెంటు పోయింది. రెండు అడుగులు పడ్డాయి, మూడోది పడలేదు, ఎంతవరకు వచ్చామో అలెంబిక్ రాసుకునే వెర్షన్ టేబుల్‌లో మాత్రం పాత నంబరే ఉంది. మళ్లీ నడిపితే ఈ కాలమ్ ఇప్పటికే ఉందని మొరాయించింది. బయట టిక్కీల లారీలు క్యూలో నిలబడి ఉన్నాయి, గేటు దగ్గర రసీదు కోసం రైతులు ఎదురుచూస్తున్నారు. ఆ టెన్షన్ పగవాడికీ వద్దు. పడిన కాలమ్స్ చేత్తో తీసేసి మళ్లీ నడిపాం. అప్పటి నుంచి మైఎస్‌క్యూఎల్ ఉన్నచోట ఒక ఫైల్‌లో ఒకే మార్పు అనే నియమం పెట్టుకున్నాం. ఫైళ్లు ఎక్కువవుతాయి, పర్వాలేదు.

ఎస్‌క్యూలైట్‌లో సమస్య వేరే రకం. దాని ఆల్టర్ టేబుల్‌కి శక్తి తక్కువ. కాలమ్ పేరు మార్చడం 3.25లో, కాలమ్ తీసేయడం 3.35లో వచ్చాయి. ఉన్న కాలమ్ టైప్ మార్చడం నేరుగా ఇప్పటికీ కుదరదు. కొట్లలోని పాత కంప్యూటర్లలో పాత వెర్షన్లే ఉంటాయి మరి. అలెంబిక్‌లోని బ్యాచ్ మోడ్ దీనికి చక్కటి దారి: కొత్త ఆకారంలో తాత్కాలిక టేబుల్ కడుతుంది, పాత డేటా అందులోకి పోస్తుంది, పాతది తీసేసి కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. అదే కోడ్ పోస్ట్‌గ్రెస్ మీద నడిపితే మామూలు ఆల్టర్‌గానే పనిచేస్తుంది. నేను ఎక్కువగా మెచ్చుకునే ఫీచర్ ఇది.

కానీ ఇందులో ఒక గొయ్యి ఉంది. ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనలాంటివాళ్లం ప్రతి కనెక్షన్‌లోనూ ప్రాగ్మా అనే సెట్టింగ్ ఆజ్ఞతో ఆన్ చేసుకుంటాం. అది ఆన్‌లో ఉండగా బ్యాచ్ మోడ్ చేసినట్టు పాత టేబుల్‌ని తీసేస్తే, ముందు అందులోని వరసలన్నీ డిలీట్ చేసినట్టుగానే ఎస్‌క్యూలైట్ భావిస్తుంది. పిల్ల టేబుల్‌కి ఆన్ డిలీట్ క్యాస్కేడ్ (తల్లి వరస పోతే పిల్ల వరసా పోవాలనే నియమం) ఉంటే ఆ వరసలూ పోతాయి. అంటే రైతు టేబుల్‌లో ఒక కాలమ్ సైజు మార్చబోతే అతని లాట్లన్నీ మాయమయ్యే ప్రమాదం ఉంది. మైగ్రేషన్ నడిచేటప్పుడు ఫారిన్ కీలు ఆఫ్ చేసి, అయ్యాక ఫారిన్ కీ చెక్ నడిపి చూసుకోవాలి. ఆ ప్రాగ్మా ట్రాన్సాక్షన్ మొదలయ్యాక ఇస్తే పనిచేయదు, ముందే ఇవ్వాలి. ఎంత చిన్న మార్పయినా డేటాబేస్ ఫైల్‌కి కాపీ తీశాకే మా అప్‌డేట్ మొదలవుతుంది.

ముందే రాసిన జాబితాలోని విలువలనే ఒప్పుకునే ఈనమ్ (enum) టైప్ గురించి కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అప్పటిదాకా గుంటూరు జిల్లా రైతులైన నరసరావుపేట, సత్తెనపల్లి వాళ్లు పల్నాడు జిల్లాలోకి వెళ్లారు, బాపట్ల వేరే జిల్లా అయింది. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. జిల్లాల జాబితా మా దగ్గర మొదటి నుంచీ విడి టేబుల్‌లోనే ఉంది కాబట్టి కొత్త వరసలు చేర్చి, మండలాలను కొత్త జిల్లాలకు కట్టేసే ఒక్క డేటా మైగ్రేషన్‌తో పని తేలింది. అదే జిల్లా పేర్లను ఈనమ్‌లో పెట్టిన వేరే సాఫ్ట్‌వేర్ ఒకటి బాగుచేయమని మా దగ్గరికి వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో ఈనమ్ ప్రత్యేకమైన టైప్, మైఎస్‌క్యూఎల్‌లో కాలమ్‌లో భాగం, ఎస్‌క్యూలైట్‌లో ఉత్త టెక్స్ట్. ఆ టైప్‌లో కొత్త విలువలు చేరాయని అలెంబిక్ ఆటోజనరేట్ గుర్తించలేదు, ఒక్కో డేటాబేస్‌కి విడిగా చేత్తో రాయాల్సి వచ్చింది. ప్రభుత్వం మార్చగలిగే జాబితా ఏదైనా టేబుల్‌లోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

లాట్ నంబర్ల విషయంలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా కూడా కొరుకుతుంది. మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ కొలేషన్‌కి (అక్షరాలు పోల్చే పద్ధతికి) రెండూ ఒకటే, మిగతా రెండింటికీ వేరు. కొట్టులోని ఎస్‌క్యూలైట్ డేటాని మైఎస్‌క్యూఎల్‌కి తెచ్చేటప్పుడు యునీక్ ఎర్రర్లు వచ్చేది అందుకే. సేవ్ చేసేముందే పెద్ద అక్షరాలకు మార్చే టైప్ ఒకటి పెట్టుకుంటే చాలు.

డాక్యుమెంటేషన్ లోతుగా ఉంటుంది, కానీ కొత్తవాళ్లని భయపెట్టేంత పొడవు. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలకి సెషన్, ఇంజిన్, కనెక్షన్ తేడా ఒంటబట్టడానికి టైం పడుతుంది. 1.4 నుంచి 2.0కి మారడం శ్రమే. అయితే 1.4లోనే వార్నింగులు ఆన్ చేసుకుని ఒక్కొక్కటీ సరిచేసుకుంటూ వచ్చే దారి పెట్టారు, ఆ దారిలో నడిచినవాళ్లకి 2023లో 2.0 వచ్చాక దెబ్బ తగల్లేదు. కొత్త పద్ధతిలో కాలమ్ టైప్ క్లాసులోనే కనిపించడం వల్ల ఎడిటర్ కూడా తప్పులు పట్టేస్తుంది.

ఒక్క పోస్ట్‌గ్రెస్‌తోనే బతికేవాళ్లకి ఇంత అవసరమా అంటే, సాదా ఎస్‌క్యూఎల్ ఫైళ్లతో నడిచే ఫ్లైవే అనే మైగ్రేషన్ టూల్ లాంటిది సరిపోవచ్చు. కస్టమర్ ఎవరో, వాళ్ల దగ్గర ఏముందో ముందే తెలియని మాలాంటివాళ్లకి మాత్రం ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ, అలెంబిక్ జంటని గట్టిగా సిఫారసు చేస్తాను, ఒక షరతు మీద. ఖాళీ డేటాబేస్ నుంచి చివరి వెర్షన్ దాకా మొత్తం గొలుసుని మూడు డేటాబేస్‌ల మీదా నడిపి, ఆఖర్న అలెంబిక్ చెక్ కమాండ్‌తో క్లాసులకీ టేబుళ్లకీ తేడా లేదని తేల్చుకున్నాకే బయటికి పంపాలి. ఆ కమాండ్ అలెంబిక్ 1.9లో వచ్చింది, అంతకుముందు వెర్షన్ వాడుతుంటే ముందు అది మార్చుకోండి. ఇక పెద్ద మార్పులైతే యార్డుకి వేసవి సెలవులు ఇచ్చేదాకా ఆగుతాం. ఆ రోజుల్లో కాటాలు ఆగిపోతాయి, కొట్లకి వెళ్లి ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చుని అప్‌డేట్ చేసే తీరిక దొరుకుతుంది.