సాగు కంపెనీదే, భూమి మనది: ఈ పథకం కొనదగినదేనా?

కంపెనీ సాగుభూమిని ముక్కలుగా మనకు అమ్మి, అందులో పంట తనే పండించి రాబడి ఇస్తానంటుంది. భూమి విలువ, పంట ఆదాయం రెండూ దక్కే అవకాశం ఈ పథకాల అసలు బలం. బలహీనత నీళ్ల దగ్గరే. వానల తర్వాత చూపించే బోరు ధారను నమ్మకండి. నడివేసవిలో మోటారు 24 గంటలు ఆపకుండా నడిపించి, ధార ఎంత తగ్గిందో కొలవాలి. నీటి ఈసీ (ఉప్పదనాన్ని చూపే విద్యుత్ వాహకత కొలత) మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటితే చాలా పంటల దిగుబడి పడిపోతుంది. మట్టి నమూనా 15 సెంటీమీటర్ల లోతున, 10–15 చోట్ల తీసి కలపాలి. తోట వేస్తామంటే మీటరు దాకా తవ్వించండి, అడుగున రాతిపొర ఉంటే వేరు దిగదు.

రిజిస్ట్రేషన్ హద్దులు కొలిచిన విడి ముక్కకే చేయించుకోవాలి. ఉమ్మడి వాటాకు కొనేవాళ్లు తేలిగ్గా దొరకరు. మామిడి కాపుకొచ్చేసరికి 3–5 ఏళ్లు పడుతుంది. మొదటి ఏడాది నుంచే ఖాయమైన రాబడి ఇస్తామంటే, అది పంట డబ్బు కాదు, బహుశా మీ సొమ్మే.